కుక్క చేసిన నేరమేమి?

నెల్లూరు జిల్లాకు పడమటి దిక్కున ఉదయగిరి దుర్గమును, దాని క్రింద విరివియైన మెట్టనేలలును కలవు. అచ్చటినుండి ఆత్మకూరు వైపు వచ్చు దారులలో పొద్దుగూకు వేళ గొఱ్ఱెలమందలు దొడ్లకు మరలుచుండును. మంద వెనుక కాపరి, ప్రక్కన కుక్క. జోడిపి, పల్ల, దొర అని మూడు తెగలుగా పేరుగన్న నెల్లూరు గొఱ్ఱెలకు రాత్రివేళ అదియే కావలి. అట్టి సీమలో పెరిగిన బాలుడు ఆర్థర్ కోనన్ డాయిల్ రచించిన ‘బాస్కర్‌విల్ వంశపు వేటకుక్క’ యను అపరాధ పరిశోధక నవలను చదివినచో, చివరి భాగమున షెర్లాక్ హోమ్స్ ఐదు గుండ్లు పేల్చి కుక్కను కూల్చునప్పుడు సంతోషింపవలెనో, జాలిపడవలెనో తెలియక నిలిచిపోవును.

ఈ నవల 1901 ఆగస్టు మొదలు 1902 ఏప్రిల్ వరకు లండన్ నగరపు ‘స్ట్రాండ్’ మాసపత్రికలో వెలువడెను. పూర్వము హ్యూగో యను దుర్మార్గుని ఒక పిశాచశునకము చంపెననియు, నాటినుండి అది ఆ వంశమును వెంటాడుచున్నదనియు కథలో ఐతిహ్యము. దానినిబట్టి కుక్కయే వంశపాపమునకు గుర్తని పలువురు చెప్పుదురు. చెప్పుట సులభమే. కాని ఆ అర్థము మొదటి సగమునకు సరిపోయినంతగా ముగింపునకు సరిపోదు. ముగింపున బయటపడునది పిశాచము కాదు. లండనులో వెలయిచ్చి కొనబడి, బురదనేల నడుమ గొలుసుతో కట్టబడిన ప్రాణి. దాని మూతికి భాస్వరపు పూత పూసినవాడు స్టేపుల్‌టన్. సర్ హెన్రీ పాతజోడును దొంగిలించి వాసన పట్టించినవాడును అతడే. క్రొత్తజోడు మొదట దొంగిలింపబడి, పిదప తిరిగి వచ్చుట ఇందులకే: తొడుగని జోడులో మనిషి వాసన యెక్కడిది?

ఇక ఆ స్టేపుల్‌టన్ వృత్తిని చూడుడు. అతడు సీతాకోకచిలుకలను వలవేసి పట్టి, సూదులతో గ్రుచ్చి, పెట్టెలలో దాచువాడు. ఒక చిమ్మటకు అతని మారుపేరే పెట్టబడినదట! ఆ పెట్టెలున్న గదిలోనే అతని భార్య స్తంభమునకు కట్టబడి కనబడును. వలవేసినవానిని పట్టుటకు హోమ్స్ తానొక వల పన్నును. కథ నడుమ ఒక గుఱ్ఱపుపిల్ల ఊబిలో దిగబడి, మెడ సాచి అరచుచు మునిగిపోవును. దానిని నిశ్చింతగా చూపినవాడు స్టేపుల్‌టన్. కడకు అతని జాడ యా ఊబిలోనే మాయమగును, శవము దొరకదు. ఇట్లు ఏ జంతువునకు కలిగిన గతి యా మనుష్యునకే మరలివచ్చును. కుక్కకు మాత్రము గుండ్లే.

తెలుగువారి కీ పోలిక క్రొత్తది కాదు. నన్నయ ఆదిపర్వమున జనమేజయుని తమ్ములు నిష్కారణముగా సారమేయుని కొట్టగా, తల్లి సరమ వచ్చి, తప్పులేనివారిని బాధించువారికి ఊహింపని భయములు కలుగునని పలికి పోవును. భారతము తుదిని, నెల్లూరివాడైన తిక్కన తెలిగించిన మహాప్రస్థానిక పర్వమున, వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రాజాలనని ధర్మరాజు నిలుచును. ఆ కుక్క యమధర్మరాజే. ఒక గ్రంథము మొదటను చివరను అదే జంతువు కనబడుట కాకతాళీయము కాదు. డాయిల్ వీనిని చదివియుండెనని యెవరును అనరు. అనవలసిన పనియు లేదు. అయినను సరమ చెప్పిన ఊహింపని భయమే సర్ ఛార్లెసు గుండెను ఆపినది. భేదమేమనగా, అక్కడ దెబ్బతిన్న కుక్క తరఫున పలుకుటకు తల్లి యున్నది.

డాయిల్ కథలో అట్టివా రెవరును లేరు. కుక్కను కట్టిన చోట కొఱికిన ఎముకలును, గోధుమరంగు వెండ్రుకలు అంటియున్న అస్థిపంజర మొకటియు దొరకును. అది మార్టిమర్ వైద్యుడు పెంచుకొన్న చిన్నకుక్కది. హోమ్స్ దానికై ఒక్క జాలిమాట పలుకును. పెద్దకుక్కకు ఆ మాటయు లేదు. చిక్కులన్నియు విప్పిచెప్పిన పిదప అతడు వాట్సనును వెంటబెట్టుకొని సంగీతనాటకమునకు బయలుదేరును.