శత్రువు చేతి తాళపుచెవి

రాయదుర్గమున పాతకాలపు బండల నడుమ నేడు అద్దాల మేడలు నిలిచియున్నవి. 2020వ సంవత్సరము మార్చి మాసమున ఆ మేడలు నిర్మానుష్యములయ్యెను. అంతటి జనమును ఇండ్లకు పంపివేసిన శత్రువు కంటికి కానరానిది. మిల్లీమీటరును పదివేల భాగములు చేసినచో, అందొక భాగమంత మాత్రమే కరోనా వైరసు వెడల్పు.

వైరసు తనంత తాను పెరుగలేదు. కొంచెము జన్యుపదార్థము, దానిని కప్పియుంచు మాంసకృత్తులు, పైన పలుచని కొవ్వుపొర: ఇదియే కరోనా వైరసు ఆస్తి. ఇతరుల ఇంట జొరబడి, వారి పొయ్యిమీదనే వండుకొని తిను దొంగవంటిది. ఆ దొంగచేతి తాళపుచెవి దాని మీది ముల్లు. అదియు నొక మాంసకృత్తే. 1273 ఆమినో ఆమ్లముల గొలుసు. మన కణములపై ఏసీఈ-2 అను మాంసకృత్తు తాళమువలె నుండును. ముల్లులో సుమారు 220 ఆమ్లముల భాగము ఆ తాళమున కుదురుకొన్నంతనే వైరసునకు ద్వారము తెరచుకొనును.

అయితే దొంగ లేని తాళపుచెవి మనకేమి చేయగలదు? దానిని ముందుగా చూపినచో దేహము గుర్తుంచుకొని, దొంగ వచ్చునప్పటికి ప్రతిరక్షకములతో సిద్ధముగా నుండును. కొన్ని టీకాల రహస్య మింతియే.

ఈ విద్య మన నగరమునకు క్రొత్తది కాదు. కామెర్లు కలిగించి కాలేయమును చెఱచు హెపటైటిస్-బి వైరసు పైతొడుగు మాంసకృత్తును 1960 దశకమున బ్లూంబెర్గ్ పండితుడు కనుగొనెను. ఆయనకు 1976లో నోబెల్ బహుమానము లభించెను. ఆ మాంసకృత్తును ఈస్టుచేత తయారుచేయించిన టీకా 1986లో అమెరికాలో వచ్చెను గాని, ఆ విదేశపు మందు వెల మన పేదలకు అందలేదు. నెల్లూరు సీమకు చెందిన వరప్రసాదరెడ్డిగారు ఎలక్ట్రానిక్సు ఇంజనీరు. ఆయన 1993లో తల్లి పేరిట శాంతా బయోటెక్నిక్స్ సంస్థను హైదరాబాదున స్థాపించిరి. 1997లో ఆ సంస్థ పిచియా అను ఈస్టులో ఆ మాంసకృత్తును పండించి, టీకాను చౌకగా దేశమునకిచ్చెను.

కరోనా టీకా విషయమునను పిచియాయే తోడ్పడెను. టెక్సస్‌లోని హోటెజ్, బొట్టాజీ అను శాస్త్రజ్ఞులు, 2003లో ప్రబలిన సార్స్ వైరసుపై పూర్వమే పరిశ్రమించినవారు, ముల్లులోని ఆ చిన్న భాగమును ఈస్టులో తయారుచేయు విధానమును పేటెంటు కోరక పంచియిచ్చిరి. హైదరాబాదులోని బయోలాజికల్-ఇ సంస్థ దానితో కోర్బెవాక్స్ టీకాను రూపొందించెను. 2021 డిసెంబరులో అనుమతి లభించెను. 2022 మార్చి 16వ తేదీనుండి పండ్రెండేండ్లు నిండిన బాలబాలికల కది ఈయబడెను. ఆ వరుసలో మేమును నిలిచితిమి. సూదికి జంకితిమి, ఒకరి వెనుక నొకరము దాగితిమి. ఇరువదెనిమిది దినముల పిమ్మట రెండవ మోతాదునకు మాత్రము ధైర్యముగనే పోయితిమి.

మా సహాధ్యాయి యొకని తండ్రి ఆ అద్దాల మేడలకు ఉద్యోగులను కారులో చేరవేయువాడు. 2021 ఏప్రిలులో ఆ జ్వరమువలననే గతించెను. నలువదియేండ్లును నిండని ఆయనకు అప్పటికి టీకా వరుస రాలేదు. ఆ వయస్సువారికి మే 1వ తేదీన గాని ఆరంభము కాలేదు. టీకా వేయించుకొని వచ్చుచు మా మిత్రుడు, “ఇది మా నాయనకు ఒక్క నెల ముందు దొరకియుండినచో” అని, మాట పూర్తిచేయలేదు. మాలో నెవ్వరికిని బదులు తోచలేదు.

అటుపిమ్మట మేమీ లెక్క వేసికొంటిమి. హెపటైటిస్ మాంసకృత్తు కనుగొనబడిన నాటినుండి మన నగరపు టీకా వచ్చువఱకు ముప్పదియేండ్లు దాటెను. కరోనాకు రెండేండ్లయినను పట్టలేదు. పూర్వులు ఫలము కానకయే చేసిన పరిశ్రమ ఆ కాలమును తగ్గించెను. అయినను ఆ రెండేండ్లలో ఒక యింటి దీపమారెను. శాస్త్రమున విలంబమనగా నేమో మాకు పుస్తకమునకంటె ఆ మిత్రుని మౌనమే స్పష్టముగా బోధించెను.

మా పాఠశాల సూక్ష్మదర్శినిలో వైరసు కనబడదు. ఉల్లిపొర కణములు మాత్రము చక్కగా కనబడును. కణము తెలియనిదే దాని తాళము తెలియదు. గావున ఆ ఉల్లిపొరనే శ్రద్ధగా చూచుచున్నాము. మిగిలిన కాలమును తగ్గించుట మా తరమువారి పని.