చెడుగుడులో ఎవరి విలువ ఎంత?

నల్గొండ వైపు పల్లెల్లో చెడుగుడు జట్లు కట్టేటప్పుడు పిల్లలు ముందుగా ఎవరిని కోరుకుంటారు? దమ్ముగా కూత పెట్టేవాణ్ణి. మీరైనా అంతే కదా! పెద్దల ఆటలోనూ ఇదే తంతు. 2023 ప్రో కబడ్డీ వేలంలో ఆటగాళ్ళను నాలుగు తరగతులుగా విడదీసి, మొదటి తరగతికి కనీస ధర 30 లక్షలు, చివరి తరగతికి 9 లక్షలు పెట్టారు. తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. అయినా ఆ పోటీల్లో 22 ఆటలకు రెండే గెలిచి, అన్నిటికన్నా అడుగున నిలిచింది.

ఈ ఆటలో ఒక కిటుకు ఉంది. కూతకు పోయినవాడు పట్టుబడితే బయట కూర్చోవాలి. తోటివాళ్ళు ఎదుటిపక్షం మనిషిని ఔటు చేస్తే తిరిగి లోపలికి వస్తాడు. కోట్ల మనిషైనా సరే! అందుకే నేను జట్టు కడితే, మూలన నిలిచి కాలు దొరకబుచ్చుకొనేవాణ్ణి మొదట పిలుస్తాను. అలాంటివాడు మీ బడిలోనూ ఉండే ఉంటాడు. వాడి పేరు మీరు ఎన్నోసారి పిలుస్తున్నారు?