కలలో మూసిన గేటు
ప్రిలిమ్స్ దగ్గరపడితే మీకూ ఆ కల వస్తుందా? హాల్ టికెట్ కనిపించదు, కళ్లముందే గేటు మూసేస్తారు. నాకు రెండేళ్లు వచ్చింది.

కలలో ఉన్నామని కలలోనే తెలుసుకోవచ్చు. 1975లో ఇంగ్లండ్‌లో కీత్ హెర్న్ ప్రయోగంలో, నిద్రపోతున్న మనిషి ముందే అనుకున్నట్టు కళ్లు కుడిఎడమలకు కదిపి సంకేతమిచ్చాడు. కలల నిద్రలో ఒళ్లు కదలదు, కళ్లు కదులుతాయి.

నేను పడుకునేముందు ఆ గేటునే ఊహించుకుని, ‘ఇది కనిపిస్తే కల’ అనుకునేదాన్ని. పగలు ఏ బోర్డైనా రెండుసార్లు చదివేదాన్ని; కలలో అక్షరాలు తరచూ మారిపోతాయి. (అర్ధరాత్రి అలారాలు మాత్రం పెట్టుకోకండి. వారం పెట్టుకుని మాక్ టెస్టులో కునికాను.)

మూడోవారం గేటు మీది అక్షరాలు మారాయి. ‘కల!’ అనుకోగానే, ఆ సంబరానికే మెలకువ వచ్చేసింది. మళ్లీ వచ్చినప్పుడు అరచేతులు రుద్దుకుంటూ నిలబడ్డాను. గేటు తెరుచుకోలేదు. నేనే వెనక్కి తిరిగి, ఎదురుగా ఉన్న టీ కొట్టుకి వెళ్లాను.