ఇంకెవరైనా వస్తారా మేడమ్?

మా స్నేహితురాలికి తొమ్మిదేళ్ళకి పిహెచ్.డి. పూర్తయింది. ఈ తొమ్మిదేళ్ళలో ఇద్దరు పిల్లల్ని కంది. పక్షవాతం వచ్చిన మామగారికి మూడేళ్ళు సేవ చేసింది. వైవా అయిన రోజు మధ్యాహ్నం ఆనవాయితీ ప్రకారం పరీక్షకులకీ, డిపార్టుమెంటుకీ భోజనాలు పెట్టించింది. సాయంత్రం నాకు ఫోన్ చేసి, "అది వాళ్ళ పార్టీ. ఇక మన పార్టీ చేసుకోవాలి. మా ఇంట్లో కాదు, మీ ఇంట్లోనూ కాదు. నేను వండను, మీరెవరూ వండకూడదు. బైట కూర్చుందాం. ఎవరో వడ్డిస్తే తిందాం. తొమ్మిదయిందని ఎవరూ లేవకూడదు" అంది.

ఇంత చిన్న కోరిక తీర్చడానికి మాకు మూడు వారాలు పట్టింది.

మేము ఏడుగురం. నెలకోసారి ఎవరో ఒకరింట్లో కలిసి, చదివిన పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. అందరికంటే పెద్దది గాజువాక అక్క. ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు చేసి రిటైరైంది. అందరికంటే చిన్నది ఎం.ఏ. చదువుతూ హాస్టల్లో ఉంటున్న పిల్ల. మధ్యలో వైవా అయిన స్నేహితురాలు, ఒక లెక్చరరు, ఒక బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒకామె, పుస్తకాల మధ్య బతికే నేను.

విశాఖపట్నంలో తినడానికి చోటు కరువా అని మీరు అడగొచ్చు. లేదు. ఆర్.కె. బీచ్‌లో మురీ మిక్చర్ బండి దగ్గర్నుంచి సముద్రానికి ఎదురుగా ఉన్న స్టార్ హోటళ్ళ దాకా ఉన్నాయి. డాబాగార్డెన్స్‌లో డాల్ఫిన్ హోటల్ 1980 నుంచీ ఉంది. ద్వారకానగర్, సిరిపురం, ఎం.వి.పి. కాలనీల్లో ఏటా కొత్త రెస్టారెంట్లు, కాఫీ షాపులు తెరుస్తూనే ఉంటారు. గాజువాక నుంచి కూర్మన్నపాలెం దాకా బస్సులో వెళితే 'బార్ అండ్ రెస్టారెంట్' బోర్డులు లెక్కపెట్టుకోవచ్చు. 1933లో రేవు, తర్వాత షిప్‌యార్డు, నౌకాదళం, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు ఫ్యాక్టరీ... ఈ ఊరు ఎక్కువగా మగవాళ్ళ జీతాల మీద పెరిగింది. షిఫ్టు దిగిన మగవాడు కాసేపు కూర్చుని ఇంటికి పోవడానికి చోటు ఎప్పుడూ ఉంది. షిఫ్టు దిగిన ఆడదానికి ఇంకో షిఫ్టే ఉంది.

గాజువాక అక్క ఒక సంగతి చెప్పింది. ఆఫీసులో ఎవరికి ప్రమోషన్ వచ్చినా, ఎవరు రిటైరైనా మగవాళ్ళు బైట పార్టీ చేసుకునేవాళ్ళట. చందా అక్క దగ్గర కూడా తీసుకునేవాళ్ళు. మర్నాడు ఆవిడ టేబుల్ మీద ఒక స్వీటు డబ్బా పెట్టేవాళ్ళు. "ముప్ఫయ్యేళ్ళు డబ్బాలు తిన్నానే" అంది అక్క, నవ్వుతూనే.

సరే, ముందు చోట్లు చూసి వద్దామని నేనూ, బ్యాంకు స్నేహితురాలూ బయల్దేరాం. బిర్యానీ ఎలా ఉంటుంది, రొయ్యల వేపుడు ఎలా చేస్తారు అని మేము అడగలేదని తర్వాత గుర్తొచ్చింది. మేము చూసినవి వేరు. బాత్రూం ఎక్కడుంది? దానికి గడియ ఉందా? మెట్ల మీద లైటుందా? బైటికొస్తే ఆటో దొరుకుతుందా? పక్క టేబుళ్ళ వాళ్ళు ఒకసారి చూసి ఊరుకుంటారా, చూస్తూనే ఉంటారా? మగవాళ్ళు హోటల్ ఎంచుకునేటప్పుడు ఇందులో ఒక్కటైనా అడుగుతారా? నాలుకతో తేల్చుకోవలసిన విషయాన్ని మేము ఒళ్ళంతా కళ్ళు చేసుకుని తేల్చుకోవలసి వచ్చింది.

ఒక చోట 'ఫ్యామిలీ రెస్టారెంట్ అండ్ బార్' అని బోర్డు ఉంది. కింద బార్, పైన ఫ్యామిలీ సెక్షన్. కౌంటర్ దగ్గరాయన మర్యాదగానే మాట్లాడాడు.

"ఎంతమంది మేడమ్?"

"ఏడుగురం."

"జెంట్స్ ఎంతమంది?"

"జెంట్స్ లేరండీ. అందరం ఆడవాళ్ళమే."

ఆయన రిజిస్టరు మూశాడు. "పైన ఫ్యామిలీలకే ఇస్తాం మేడమ్. కింద మీకు బాగోదు."

మెట్లు దిగుతూ మా బ్యాంకు స్నేహితురాలు లెక్క తేల్చింది. "ఒక మగాడు ఒంటరిగా వస్తే కస్టమరు. వాడే పెళ్ళాంతో వస్తే ఫ్యామిలీ. ఏడుగురు ఆడవాళ్ళు వస్తే మాత్రం ఏమీ కాదు. ఏడు సున్నాలు కలిపినా సున్నాయే కదా!"

ఆ రాత్రంతా 'ఫ్యామిలీ' అనే ఆ మాట నన్ను వదల్లేదు. మాది విజయనగరం. చిన్నప్పుడు నాన్న మమ్మల్ని హోటల్‌కి తీసుకెళితే 'ఫ్యామిలీ రూమ్'లో కూర్చోబెట్టేవాడు. ప్లైవుడ్ గదికి ఆకుపచ్చ కర్టెను. సర్వరు కర్టెను పక్కకి జరిపి నాన్న మొహమే చూసి ఆర్డరు తీసుకునేవాడు. అమ్మకి మసాలా దోసె ఇష్టమని నాన్నకి తెలుసు కాబట్టి అమ్మకి దోసె వచ్చేది. తెలియకపోతే ఏం వచ్చేదో! నాకు తెలిసి అమ్మ తన స్నేహితురాళ్ళతో కలిసి ఒక్కసారైనా హోటల్లో కూర్చోలేదు. వాళ్ళు కలుసుకున్నది పేరంటాల్లో, పెళ్ళిళ్ళ వంటశాలల్లో. అక్కడ కూడా చేతులు ఖాళీగా ఉండేవి కావు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఇంకొకటి తోచింది. మా ఊళ్ళోనే మొదలయ్యే గురజాడ 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ ఉంది. డబ్బు తీసుకుని నలుగురికీ అన్నం పెట్టే చోటు నడిపిన విధవ. గిరీశం తిన్నది ఆమె ఇంట్లోనే. అదే నాటకంలో సారాదుకాణం రంగం కూడా ఉంది. అక్కడ చేరి తత్వాలు మాట్లాడేది మగవాళ్ళే. అంటే ఆడది అన్నం అమ్మొచ్చు, వడ్డించొచ్చు. వడ్డించమని కూర్చునే హక్కే ఆమెకి రాలేదు. పరిశోధన కోసం కొన్ని వందల తెలుగు కథలు చదివాను. వాటిలో ఆడవాళ్ళు బావి దగ్గర, వంటింట్లో, బస్సులో, ఆఫీసులో, ఆసుపత్రిలో మాట్లాడుకుంటారు. నలుగురు స్నేహితురాళ్ళు హోటల్లో తీరిగ్గా కూర్చుని తిన్న సన్నివేశం కోసం వెతుక్కోవాల్సిందే.

అసలు గొడవ మా మధ్యే వచ్చింది. లెక్చరరు స్నేహితురాలు ఒక బీరు తాగాలనుంది అంది. వైవా అయినామె తనకి వైను రుచి చూడాలనుంది అంది. నెల్లూరామె ముఖం మారిపోయింది. "అయితే నేను రాను. మీరు వెళ్ళండి" అంది.

ఆమె కోపానికి కారణముంది. 1992లో నెల్లూరు జిల్లాలో సారా కొట్లకి అడ్డం నిలబడ్డ ఆడవాళ్ళలో వాళ్ళమ్మ కూడా ఉంది. దూబగుంటలో రాజుకున్న ఆ ఉద్యమం సంగతి మనందరికీ తెలిసిందే. అక్షరాస్యతా వాచకంలో ఒక పాఠం చదువుకుని, అందులో రాసినట్టే సారా కొట్టు మూయించిన ఆడవాళ్ళు వాళ్ళు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వాళ్ళు తెచ్చినవే. 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ తర్వాత 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు ప్రభుత్వమే నడపడం మొదలుపెట్టింది. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటువాళ్ళకిచ్చింది. కొట్టు ఎవరు నడపాలి, ఆదాయం ఎవరికి రావాలి అన్నదే ఎప్పుడూ చర్చ. ఆ చర్చలో ఆడది కనిపిస్తే, తాగొచ్చిన మొగుడి కోసం గుమ్మంలో కూర్చున్న మనిషిగానే కనిపిస్తుంది.

"మా అమ్మ మూయించిన కొట్లోకి నేను పోయి కూర్చోవాలా?" అని అడిగింది నెల్లూరామె. మేమెవరం జవాబు చెప్పలేకపోయాం. మగవాళ్ళతో సమానంగా తాగడమే స్వేచ్ఛ అని నేను అనుకోను. అలాగని "ఆడవాళ్ళు తాగరు" అనే మాట కూడా నాకు మింగుడుపడదు. ఏ ఆడవాళ్ళు? మన అరకు, పాడేరు కొండల్లో జీలుగు కల్లు ఆడా మగా కలిసే తాగుతారు. తెలంగాణలో కూలి నుంచి వచ్చిన ఆడవాళ్ళు కల్లు కాంపౌండులో కూర్చోవడం వింతేమీ కాదు. ఆ నిషేధం మన పై కులాల ఇళ్ళది. దాన్నే మొత్తం ఆడజాతి మర్యాదగా చెప్పుకున్నాం. 2009 జనవరిలో మంగళూరులో ఒక పబ్‌లోకి జొరబడి అమ్మాయిల్ని కొట్టినవాళ్ళు కూడా మర్యాద పేరే చెప్పారు. అంతకుముందు 2007లో సుప్రీంకోర్టు, మద్యం అమ్మే చోట ఆడవాళ్ళు ఉద్యోగం చెయ్యకూడదన్న 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టంలోని నిబంధనని కొట్టేసింది. ఆడవాళ్ళకి ప్రమాదముంటే ప్రమాదాన్ని తొలగించాలి గానీ ఆడవాళ్ళని తొలగించకూడదన్నది ఆ తీర్పు సారాంశం.

రెండు రోజుల తర్వాత నెల్లూరామె తనే ఫోన్ చేసింది. వాళ్ళమ్మతో మాట్లాడిందట. "అమ్మ తిడుతుందనుకున్నా. 'మేము కొట్లాడింది తాగే నోటి మీద కాదే. కూలి డబ్బులు ఇంటికి రాక, తాగొచ్చి కొడుతుంటే కొట్లాడినాం. మీరు ఎవుర్ని కొడతారు?' అని నవ్వింది. తర్వాత ఒక్కటే అడిగింది. 'రాత్రిపూట ఇళ్ళకెట్టా పోతారు?'"

అక్షరాలు ముదిరిన వయసులో నేర్చుకున్న ఆవిడ అడిగిన ప్రశ్న మా చర్చలన్నిటికంటే సూటిగా ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సులో టిక్కెట్టు లేదు. సంతోషమే. కానీ రాత్రి బస్సులు పల్చబడ్డాక ఉచిత ప్రయాణం ఎక్కడ చేస్తాం? పని లేకుండా బైట ఉండడం ఆడవాళ్ళ హక్కని ముంబయి మీద రాసిన 'వై లాయిటర్?' పుస్తకం 2011లోనే వాదించింది. ఆ హక్కు చివరికి ఆఖరి బస్సు దగ్గర ఆగిపోతుంది.

సముద్రం కనిపించే ఒక పెద్ద హోటల్ కూడా చూశాం. అక్కడ జెంట్స్ ఎంతమంది అని ఎవరూ అడగలేదు. వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు. బాత్రూం మా ఇంటి హాలంత ఉంది. తలకి రెండువేల పైమాట. మా ఎం.ఏ. పిల్ల ఏమీ అనలేదు గానీ ఆ సాయంత్రమే "నాకు పరీక్షలున్నాయక్కా" అని మెసేజ్ పెట్టింది. ఆ నెలలో పరీక్షల్లేవని మాకు తెలుసు. మన భద్రత అక్కడ అమ్మకానికి ఉంది, కొనగలిగిన వాళ్ళకి. ఆ పిల్లని వదిలేసి మేం కొనుక్కునేదాన్ని స్వేచ్ఛ అనలేం కదా!

చివరికి సిరిపురం వైపు ఒక మధ్యరకం రెస్టారెంటు దొరికింది. "ఏడుగురా? పెద్ద టేబుల్ వేయిస్తాను" అన్నాడు మేనేజరు. అంతే. ఇంకేమీ అడగలేదు. ఆ ఒక్క మాటకే మేము అక్కడ ఖాయం చేసుకున్నాం. మూల టేబుల్ వద్దు, మధ్యలోనే కావాలన్నాం. బిల్లు సమానంగా కాకుండా జీతాన్ని బట్టి వేసుకుందామని ముందే అనుకున్నాం. పరీక్షల పిల్ల కూడా వచ్చింది.

శనివారం ఏడింటికి అందరం కూర్చున్నాక సర్వరు మెనూ కార్డులు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో. "ఇంకెవరైనా వస్తారా మేడమ్?" అన్నాడు. అతని తప్పేం లేదు. మేం ఎంతమందిమి కూర్చున్నా ఎవరో రావాల్సినట్టే ఉంటుంది.

"ఎవరూ రారు నాయనా. అందరం వచ్చేశాం. కార్డులియ్యి" అంది గాజువాక అక్క.

వంజరం వేపుడు, కోడి పులావు, పెరుగన్నం తెప్పించుకున్నాం. లెక్చరరు బీరు తాగింది. వైవా అయినామె వైను రెండు గుక్కలు తాగి, "దీనికోసమా ఇంత గొడవ! మన దబ్బకాయ షర్బత్ నయం" అని పక్కన పెట్టేసింది. నెల్లూరామె నిమ్మకాయ సోడా తాగుతూ అందరికంటే గట్టిగా నవ్వింది. పదిన్నర దాకా ఎవరూ లేవలేదు. అక్క స్వీటు డబ్బా కట్టించుకోలేదు. గిన్నెలో వేయించుకుని అక్కడే తింది.

వెళ్ళేముందు బాత్రూంకి పోతే తాళం వేసి ఉంది. గిన్నెలు తోమే ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "తాళం మేనేజరు కాడుంటాదమ్మా. ఉండండి తెస్తాను. మాకూ ఇదే" అంది. గాజువాక దాటి ఉంటుందట. హాలు ఖాళీ అయితే గానీ ఆమె పని అవదు. మేం తీరిగ్గా కూర్చున్న ప్రతి పావుగంటా ఆమె అక్కడ నిలబడే ఉంది. ఎలా వెళ్తావంటే, "దొరికినాక ఎల్తాను. ఆటోవోడు మరో ఇద్దరు దొరికేదాక కదలడు" అంది.

అక్క గాజువాక వైపే కదా. అరగంట ఆగి ఆమెని తన ఆటోలో ఎక్కించుకుంది. ఒక్కరోజుకి అది సరిపోయింది. మర్నాటికి ఏమిటన్నది మా దగ్గర లేదు.

వచ్చే నెల అక్క పుట్టినరోజు. మళ్ళీ చోటు వెతుకుతున్నాం. నా నోటుపుస్తకంలో మా ప్రశ్నలన్నీ వరసగా రాసుకున్నాను. బాత్రూం, మెట్ల మీద లైటు, ఆటో, మధ్య టేబుల్, మా అందరిలోకీ తక్కువ డబ్బున్న మనిషి ఇవ్వగలిగిన ధర. చివర్న నెల్లూరు అమ్మ ప్రశ్న చేర్చాను, ఈసారి మా గురించి కాదు. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు రాత్రిపూట ఇళ్ళకెట్టా పోతారు?