ముందు వరస

మా క్రూలో తొమ్మిది మందిమి. ఎనిమిది మంది డాన్స్ చేస్తారు, నేను ఫోన్ పట్టుకుంటాను. వైజాగ్‌లో ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. జూనియర్లు నన్ను కెమెరా అక్క అంటారు. నాకు డాన్స్ రాదు. కానీ ఎవరి భుజం ఎప్పుడు ఆలస్యమైందో మాత్రం చెప్పగలను.

మా నిమిషం వీడియోకి మూడు వారాలు పట్టిందంటే ఎవరూ నమ్మరు. పాటని ముందు ఎనిమిదేసి లెక్కలుగా కోసుకుంటాం. వన్ నుంచి ఎయిట్ దాకా ఒక ముక్క. పాట వేగాన్ని బట్టి నిమిషానికి 12 నుంచి 16 ముక్కలు వస్తాయి. ఒక్కో సాయంత్రం ఒక్క ముక్కే తేలుతుంది, కొన్ని సాయంత్రాలు అదీ తేలదు. హాస్టల్ వెనక పార్కింగ్ షెడ్డే మా స్టూడియో. అక్కడ అద్దం లేదు కాబట్టి ఫోన్‌ని బైకు సీటు మీద నిలబెట్టి తీసుకుని, చూసుకుని, మళ్ళీ చేస్తారు. అద్దంలో మనకి అలవాటైన మనమే కనపడతాం. వెనక కెమెరా తీసిన వీడియోలో ఎదుటివాళ్ళు చూసే మనం కనపడతాం. మొదటిసారి అలా చూసుకున్నవాళ్ళు కాసేపు మాట్లాడరు.

ఇక తీయడం. షెడ్డులో ట్యూబ్‌లైట్ల కింద తీస్తే వీడియోలో నల్ల చారలు పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. అంటే ఆ లైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టర్‌ని 1/50 దగ్గరో 1/100 దగ్గరో కట్టేస్తే చారలు పోతాయి. శబ్దానిది ఇంకో గొడవ. స్పీకర్లో పాట మోగుతుంది గానీ, వీడియోలో మీరు వినేది అది కాదు. అసలు పాటని ఎడిటింగ్‌లో అతికిస్తాం. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది. నేను స్పీకరుకి 35 మీటర్ల దూరంలో ఉంటే పాట నా ఫోన్‌కి సెకనులో పదోవంతు ఆలస్యంగా చేరుతుంది. ఆ కాస్త తేడాకే, చక్కగా చేసినవాళ్ళు కూడా బీట్ తప్పినట్టు కనపడతారు. అందుకని షాట్ మొదట్లో డాన్సర్లలో ఒకరు చప్పట్లు కొడతారు. చేతులు కలిసిన ఫ్రేముకి ఆ చప్పుడుని జరిపి కలుపుతాను. చెయ్యని తప్పు ఎవరి మీదా పడకుండా చూడడమే నా పనిలో సగం.

మిగతా సగం, ఎవరు ఎక్కడ నిలబడాలన్నది. ఇది చారలంత తేలిగ్గా తేలదు. స్టేజీ మీద ఎనిమిది మందీ ఒకే వరసలో నిలబడొచ్చు. ఫోన్‌ని నిలువుగా పట్టుకుంటే ముగ్గురు చేతులు చాపేసరికి ఫ్రేము నిండిపోతుంది. మిగిలినవాళ్ళు వెనక్కి వెళ్ళాలి. వెనక్కి వెళ్ళినవాళ్ళు బొటనవేలంత అవుతారు.

హిప్‌హాప్ ఇలా మొదలవలేదు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి స్కూలు బట్టలకి డబ్బులు కావాలని తమ అపార్ట్‌మెంటు కింది హాల్లో పార్టీ పెట్టింది. పాటలు వేసింది ఆమె అన్న, డీజే కూల్ హెర్క్. పాటలో గొంతు ఆగి డ్రమ్స్ మాత్రమే మిగిలే ముక్కని అతను సాగదీసేవాడు. ఆ ముక్క కోసమే కాచుకుని, అది రాగానే దిగి ఆడేవాళ్ళు. చుట్టూ జనం. ఆ వలయాన్నే సైఫర్ అంటారు. వలయానికి ముందూ వెనకా ఉండవు. కెమెరా వచ్చిందంటే ముందు అనేది పుడుతుంది. ముందు పుట్టాక ముందు వరసా, దాని కోసం అలకలూ పుడతాయి.

అందుకే మేం రెండు నియమాలు పెట్టుకున్నాం. ప్రతి ఒక్కరికీ కనీసం ఒక ఎనిమిది లెక్కల ముక్క ముందు వరసలో దక్కాలి. ఆ ముక్క మధ్యలో నేను కట్ వెయ్యకూడదు. కట్ వేస్తే నేర్పు నాదవుతుంది. వెయ్యకపోతే వాళ్ళది.

ఈ ఏడాది ఆ మొదటి నియమమే ఇరకాటమైంది. సెకండియర్ అమ్మాయి ఒకతి క్రూలో చేరింది. శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. కండరాన్ని టక్కున బిగించి వదిలే పాపింగ్ ఆమె చేసినంత శుభ్రంగా మాలో ఎవరూ చెయ్యరు. చేరిన రోజే చెప్పింది, "అక్కా, నా మొహం మాత్రం రాకూడదు. ఇంట్లో తెలిస్తే చదువు మానిపించేస్తారు."

మాస్కు పెడదామన్నారు ఒకరు. అందరిలో ఒక్కతే మాస్కు పెట్టుకుంటే చూపులన్నీ అటే పోతాయి. మొహం బ్లర్ చేద్దామన్నాను. కొరియోగ్రఫీ చేసే అబ్బాయి, "వద్దక్కా, పోలీసులు పట్టుకున్నట్టుంటాది" అన్నాడు. వెనక వరసలో ఉంచేద్దామన్న మాట కూడా వచ్చింది. ఆ పిల్ల దానికీ తలూపింది. అదే మాకు నచ్చలేదు.

బీచ్ రోడ్డులో మాకు ఒక సౌకర్యం ఉంది. సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు. మామూలుగా నేను సముద్రానికి వీపు పెడతాను, వాళ్ళు సముద్రం వైపు చూస్తారు, లేత ఎండ మొహాల మీద పడుతుంది. ఈసారి వాళ్ళని అలాగే నిలబెట్టి నేను అటు నుంచి ఇటు వచ్చేశాను. ఎనిమిది వీపులు, వాటి ముందు సూర్యుడు. ఎక్స్‌పోజర్ ఆకాశం మీద లాక్ చేస్తే మనుషులంతా నల్లటి ఆకారాలైపోయారు. వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దాయన ఆగి, "ఏటి బాబూ, యోగానా?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయారు.

ఎండ పైకెక్కేలోపు ఆరు టేకులు. ఇంటికొచ్చి చూసుకుంటే ఒక సంగతి తెలిసింది. ముందు వరస ఇప్పుడు సముద్రం పక్కనుంది, కెమెరాకి అన్నిటికన్నా దూరంగా. అలకలకి చోటే లేదు. ఇన్నాళ్ళూ నవ్వుతో నెట్టుకొచ్చినవాళ్ళు ఎవరో, ఒంటితో చేసినవాళ్ళు ఎవరో వీపులు చెప్పేశాయి. ఆ అమ్మాయి ముక్క వచ్చినప్పుడు, ఒక్క కట్ కూడా లేకుండా, ఒక భుజం నుంచి ఇంకో భుజానికి అల పాకింది.

వీడియో పెట్టిన పదో రోజు ఆమెకి ఊరి నుంచి ఫోనొచ్చింది. ఎవరి ఫోన్లోనో వాళ్ళమ్మ చూసిందట. "ఎడం పక్క మూడో గుంట నువ్వే కదేటి?" అని అడిగిందట. మొహం లేదు కదమ్మా అంటే, "నడిపించి పెంచినదాన్ని, నీ నడక నాకు తెల్దేటి?" అందట.

తిట్టలేదు. బాగుందనీ అనలేదు. నాన్నకి చెప్పొద్దని మాత్రం అందట. రెండు రోజులాగి, ఆ వీడియో వాట్సాప్‌లో పంపమని అడిగిందట.

వచ్చే నెల కొత్త పాట తీస్తున్నాం. ఈసారి ఎటు తిరిగి నిలబడతావని ఆ అమ్మాయిని నేను అడగలేదు. తనూ ఇంకా చెప్పలేదు. రెండు వైపులా సరిపోయేలా ఫార్మేషన్ గీసి పెట్టుకున్నాను.