పాత బండిలో కొత్త ఇంజను

మా పల్లెల్లో రాత్రివేళ పురుటినొప్పులు వచ్చినా, పురుగుమందు సోకి ఎవరైనా పడిపోయినా, 108 ఆలస్యమైతే తట్టేది పాస్టరు గారి తలుపే. అందుకే మిరపకోతల డబ్బులో తలా కొంత వేసి, సంఘస్థులు నా 1996 నాటి మారుతి 800కు ఇంజను కొనుక్కోమన్నారు. పాతది కార్బురేటరుది, నేను కొన్నది 2000 తరువాతి ఎం.పి.ఎఫ్.ఐ. రెండూ 796 సి.సి.లే గదా, దించి ఎక్కిస్తే చాలుననుకున్నాను.

గుంటూరు ఆటోనగర్‌లో మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. "అయ్యగారూ, కార్బురేటరులో గాలి లాగుడుకే పెట్రోలు వస్తుంది. దీంట్లో ఒత్తిడితో చిమ్మాలి. టాంకులో కరెంటు పంపు, వేరే వైరింగు, సెన్సార్లు, కంప్యూటరు పెట్టె కావాలి. టాంకులో తుప్పుంటే ఇంజెక్టర్లు మూసుకుపోతాయి. ఆర్.టి.ఓ. అనుమతి తీసుకుని ఆర్.సి.లో ఇంజను నంబరు మార్పించాలి."

డబ్బంతా ఇంజనుకే అయిపోయింది. గోపురం కట్టేవాడు ముందుగా ఖర్చు లెక్క చూసుకోవాలని ఎన్నోసార్లు ప్రసంగించినవాణ్ణి నేనే!

ఆదివారం సంఘం ముందు నా తొందరపాటు దాచకుండా ఒప్పుకున్నాను. వెనుక కూర్చున్న ఒక అవ్వ లేచి, "పత్తితీత ఇంకా ఉంది గదయ్యా" అన్నది.

ఇప్పుడు తాళం తిప్పగానే బండి అందుకుంటుంది. అప్పుడల్లా నాకు వినిపించేది ఆ అవ్వ మాటే.