చీరెకు అంచు, ముఖానికి చష్మా



ఈసారి చష్మా ఫ్రేము గురించి నాలుగు మాటలు రాస్తున్న. నంబరు ఎంతనో డాక్టరు చెప్తడు, అది ఆయన పని. మనం కట్టే బట్టలకు ఏ ఫ్రేము నప్పుతదో చూసుకునుడు మన పని. ఈ వయసుల సోకులెందుకని నవ్వకుండ్రి. నప్పని చష్మాను ఎవరూ పెట్టుకోరు, డబ్బాల పెట్టి మూలకు పడేస్తరు. పడేసినంక నంబరు ఎంత సరిగ్గ ఉంటే ఏం లాభం?

సాంచల మీద పనిచేసేటోళ్లకు 40 దాటితే చిక్కు మొదలైతది. తెగిన పోగు కొస దొరకది. పన్నెల పోగు ఎక్కియ్యబోతే పక్క సందుల పడుతది. సాంచ ఆగితే మీటరు ఆగుతది, మీటరు ఆగితే పగారు తగ్గుతది. మా మనుమడు ఒక సంగతి చదివి చెప్పిండు. అస్సాం తేయాకు తోటల్ల 40 దాటిన 751 మంది కూలీలతోటి డాక్టర్లు ఒక పరీక్ష చేసి 2018ల అచ్చేసిన్రట. దగ్గరి చూపు అద్దాలు ఇచ్చినోళ్ల పని, ఇయ్యనోళ్ల కంటే సుమారు 22 శాతం ఎక్కువ పెరిగిందట. ఆకు తెంపేటోళ్లకే అట్లుంటే, పోగు అతికేటోళ్లకు వేరే చెప్పాల్నా?

మా ఇంటామెకు ఒక ఉచిత క్యాంపుల చష్మా ఇచ్చిన్రు. దూరం చూపు, దగ్గరి చూపు రెండూ అండ్లనే. నంబరు సరిగ్గనే ఉండె. ఫ్రేము మాత్రం నల్లగ, మందంగ, మగోళ్లది. ఇంట్ల బీడీలు చుట్టేటప్పుడు పెట్టుకునేది, గడప దాటితే తీసేది. "పట్టుచీరె మీద ఇది పెడితే పోస్టుమాస్టరు తీరుగ కనిపిస్తున్న" అనేది. ఒక పెండ్లిల మా వదినె ఊరినుంచి వచ్చి, హాలు ఆ కొసకు నిలబడి చెయ్యి ఊపింది. ఈమెకు ముఖం ఆనలేదు, తల తిప్పుకొని కూసున్నది. "భీవండిల ఇల్లు కట్టంగనే కండ్లు నెత్తికెక్కినయి" అని వదినె పది మందిల అన్నది. కండ్లు నెత్తికి ఎక్కలేదు, ఇంట్ల డబ్బాల ఉన్నయి. అయినా రెండేండ్లు మాటలు బందైనయి. చివరికి మా కోడలు "అత్తమ్మా, మీ చీరెలు రెండు పట్టుకొని దుకాణానికి పోదాం నడువుండ్రి" అని తీసుకపోయింది. సన్నగ, ఇత్తడి రంగుది దొరికింది. జరీ అంచుతోటి కలిసిపోయింది. ఇప్పుడు పండుకునేటప్పుడు తప్ప తీయది. మొన్న బతుకమ్మకు వదినె ఇంటికి ఆ చష్మాతోనే పోయి వచ్చింది.

మా నాయన ఊర్ల మగ్గం మీద చీరెలు నేసెటోడు. అంచు సంగతి ఆయన నోట విన్న. అంచు రంగు చీరెల కలిసిపోనన్న పోవాలె, లేకుంటే ఎదురుగ నిలబడనన్న నిలబడాలె. అటూ ఇటూ కాకుంటే చీరె మాసినట్టు కనిపిస్తది. ఫ్రేము కూడ అంతే, అది ముఖానికి వేసిన అంచు.

ముందుగాల మీ బీరువ తెరిచి చూడుండ్రి. నెలల 20 రోజులు ఏ బట్టలు కడుతున్నరో వాటికి ఫ్రేము చూసుకోవాలె, ఒక్కనాటి పెండ్లి బట్టలకు కాదు. తెల్ల అంగీ, ధోతి కట్టే పెద్దమనుషులకు నలుపుగానీ ముదురు గోధుమగానీ నిండుగ ఉంటది. నీలం, బూడిద రంగు ప్యాంటు అంగీలకు వెండి రంగు మంచిగుంటది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చీరెలు ఎక్కువ కట్టేటోళ్లకు బంగారు రంగు, తేనె రంగు కలుస్తయి. గళ్ల అంగీ, పెద్ద పూల చీరె అయితే ఫ్రేము సాదాగ ఉండాలె. బట్టలే సాదా అయితే ఫ్రేము కొంచెం రంగుది తీసుకున్నా తప్పులేదు.

ఆడోళ్లు ఇంకో రెండు చూసుకోవాలె. పైఅంచు మందంగుంటే కనుబొమ్మలు మూసుకపోయి బొట్టు కళ తగ్గుతది. కాడలు వెడల్పుగుంటే మాటీలు, కమ్మలు చిక్కుకుంటయి. కొంగు నెత్తిమీద కప్పుకునేటోళ్లకు కూడ సన్న కాడనే సుఖం.

గాంధీ కొల్లాయి కట్టిండు, అంబేద్కర్ సూటు వేసిండు. ఇద్దరివీ గుండ్రటి చష్మాలే. ఒక్క తీరు ఫ్రేము రెండు తీర్ల బట్టలకూ నప్పింది. ఎందుకంటే ఇద్దరూ రోజూ పెట్టుకున్నరు. 2014ల వచ్చిన స్వచ్ఛ భారత్ గుర్తుల ముఖమే లేదు, ఉత్త చష్మా ఉన్నది. అయినా గాంధీ అని చిన్నపిల్లలు చెప్తరు. రోజూ పెట్టుకుంటే చష్మా మనిషి గుర్తు అయితది.

ఇగ సరుకు సంగతి. అసిటేట్ ఫ్రేము అంటే పత్తి గింజల నూగుతోటి, చెట్ల గుజ్జుతోటి చేసింది. అసిటేట్ నూలు కూడ దానితోనే తీస్తరు. దాని రంగు లోపలిదాక ఉంటది. అగ్గువ ప్లాస్టిక్‌కు రంగు మీదికెళ్లి పూస్తరు, చెమటకు లేచిపోతది. నూలుకు రంగేసి నేసిన గుడ్డకూ, మీద అచ్చేసిన గుడ్డకూ ఉన్న తేడా అది. టీఆర్-90 అనేది నైలాన్ జాతి. తేలికగుంటది, వంగినా తొందరగ విరగది, కార్ఖానాల పనిచేసేటోళ్లకు అక్కరకొస్తది. లోహంది పెట్టుకుంటే కొందరికి ముక్కుకాడ దురద పెడుతది, చూసి తీసుకోవాలె.

దుకాణానికి పోయేటప్పుడు రోజూ కట్టే బట్టలతోనే పోవాలె, ఆడోళ్లు బొట్టు, కమ్మలతోటి పోవాలె. ట్యూబులైటు కింద రంగు నమ్మకుండ్రి. గుడ్డ రంగు చూసినట్టే వాకిట్లకు తెచ్చి ఎండ వెలుతురుల చూడుండ్రి. పాత చష్మా సరిగ్గ కూసుంటే దాని కాడ లోపట చూస్తే 52, 18, 140 అనే తీరు అంకెలు ఉంటయి. అద్దం వెడల్పు, ముక్కు సందు, కాడ పొడుగు, అన్నీ మిల్లీమీటర్లు. ఆ కొలతకు దగ్గరిది అడుగుండ్రి. రెండు చూపుల అద్దం అయితే ఫ్రేముకు ఎత్తు ఉండాలె, మరీ సన్నదైతే కింది చూపుకు జాగ చాలది.

కార్ఖానాల నూగు అద్దం మీద పడ్డప్పుడు లుంగీ కొసతోటి రుద్దకుండ్రి, గీతలు పడుతయి. ముందు నీళ్లతోటి కడిగి మెత్తటి గుడ్డతోటి తుడువాలె.

పెండ్లికి ఒక్కపూట కట్టే చీరెకు వేలు పెడుతం. రెండు మూడేండ్లు ముఖం మీద ఉండేదానికి మాత్రం ఏదో ఒకటి చాలు అంటం. పండుగకు బట్టలు కొనేటప్పుడు మీ ఇంట్ల డబ్బాల పడి ఉన్న చష్మాలు కూడ బయటికి తీసి చూడుండ్రి. నంబరు సరిగ్గ ఉండి ఫ్రేము నప్పకుంటే, ఆ అద్దాలు వేరే ఫ్రేములకు సరిపోయేటట్టు కోసి వేస్తరేమో దుకాణంల అడుగుండ్రి. అమ్మకు, అత్తకు, నాయనకు అడిగి మరీ పెట్టియ్యుండ్రి. వాళ్లు నోరు తెరిచి అడగరు.